హోప్ ఐలాండ్ (కాకినాడ ఇసుక తిన్నె)

హోప్ ఐలాండ్ ఆంధ్ర ప్రదేశ్‌లోని కాకినాడ నగరానికి ఎదురుగా, బంగాళాఖాతంలో ఉన్న పొడవాటి ఇసుక తిన్నె. పేరులో ద్వీపమని ఉన్నప్పటికీ భూగోళ శాస్త్ర పరిభాషలో ఇది నిజమైన ద్వీపం కాదు. ఒక కొస నేలకు అంటి ఉండి, రెండవ కొస సముద్రంలోకి నాలుకలాగా చాచుకొని ఉండే ఇటువంటి ఇసుక మేటను 'స్పిట్' అని అంటారు. దీని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దక్షిణపు కొస గోదావరి డెల్టా అంచున ఉండగా, ఉత్తరపు కొస కాకినాడ ఓడరేవుకు ఎదురుగా వచ్చి ఆగుతుంది. ఈ తిన్నెకు, ప్రధాన భూభాగానికి నడుమ ఉన్న నీటి భాగమే కాకినాడ అఖాతం.

ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజన తరువాత కాకినాడ జిల్లాలోకి వచ్చింది. తిన్నెకు పశ్చిమాన, దక్షిణాన ఉన్న మడ అడవులను 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అభయారణ్యం వైశాల్యం 235.70 చదరపు కిలోమీటర్లు. హోప్ ఐలాండ్ కూడా ఈ అభయారణ్యంలో భాగమే.

ఏర్పడిన విధానం

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. వాటిలో తూర్పు వైపు పాయ గౌతమి. యానాం దాటిన తరువాత దీని నుండి కోరింగ, గాడేరు అనే చిన్న పాయలు విడిపోయి ఉత్తరంగా ప్రవహించి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ప్రధాన పాయ మాత్రం తిన్నగా సముద్రంలోకి పోతుంది. హోప్ ఐలాండ్‌కు కావలసిన ఇసుకను తెచ్చేది ఈ ప్రధాన పాయే.

వరద కాలంలో నది తనతో బండెడు మట్టిని, ఇసుకను మోసుకొస్తుంది. సముద్రంలో కలిసే చోట ప్రవాహ వేగం ఒక్కసారిగా తగ్గిపోవడం వలన బరువైన ఇసుక ముందుగా అడుగుకు చేరుతుంది. సన్నని ఒండ్రు ఇంకా దూరం పోతుంది. ఇక్కడితో నది పని అయిపోతుంది. తరువాతి పని అలలది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి. అల ఒడ్డు మీదికి వచ్చేటప్పుడు ఇసుక రేణువును ఏటవాలుగా పైకి తోస్తుంది. తిరిగి పోయేటప్పుడు రేణువు వాలు వెంబడి నేరుగా కిందికి జారుతుంది. ఈ విధంగా ఒక్కొక్క అలకు రేణువు కొద్దిగా ఉత్తరానికి జరుగుతుంది. రోజంతా, నెలల తరబడి ఇదే జరిగితే లక్షల టన్నుల ఇసుక తీరం వెంబడి ప్రయాణం చేసినట్లవుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇదే ఇసుక కొంత దక్షిణానికి మళ్ళుతుంది. కాని సంవత్సరం మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆంధ్ర తీరమంతటా ఇదే తీరు. విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారంలో మేట వేసే ఇసుకను తవ్వి తీయవలసి రావడానికి కారణం కూడా ఇదే.

గౌతమి ముఖద్వారానికి ఉత్తరాన తీరరేఖ లోపలికి వంగి ఉంటుంది. తీరం వంగినంత మాత్రాన ఇసుక ప్రయాణం వంగదు. పాత దిశలోనే సాగిపోయి, లోతు తక్కువగా ఉన్న నీటిలో మేట వేస్తుంది. ఆ మేట నీటి పైకి తేలిన తరువాత దాని కొసన మరికొంత ఇసుక చేరుతుంది. హోప్ ఐలాండ్ ఈ విధంగానే కొస నుండి కొసకు పెరుగుతూ వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాస్త్రవేత్త సి.మహదేవన్ తన సహచరునితో కలిసి 1950 దశకంలోనే ఈ తిన్నె పెరుగుదలకు గల కారణాలను పరిశీలించారు. పాత సముద్ర పటాలను తరువాతి పటాలతో పోల్చి చూస్తే ఇప్పటి తిన్నెలో అధిక భాగం గత రెండు శతాబ్దాలలో ఏర్పడినట్లు తెలుస్తుంది. భూమి వయసుతో పోల్చితే ఇది నిన్న మొన్నటి నేల. గోదావరి జిల్లాలలోని అనేక దేవాలయాలు దీనికంటే చాలా పాతవి.

కోరంగి - కాకినాడ

ఈ తిన్నె చరిత్రను కోరంగి రేవు చరిత్ర నుండి విడదీసి చెప్పడం సాధ్యం కాదు. కోరంగి పాయ ఒడ్డున ఉన్న కోరంగి గ్రామం 18వ శతాబ్దంలో తూర్పు తీరంలోని పేరుపొందిన రేవులలో ఒకటి. ఓడలు కట్టడం, మరమ్మతు చేయడం ఇక్కడి ప్రధాన వృత్తులు. ఇక్కడి నుండి బర్మాకు ఓడలు వెళ్ళేవి. బ్రతుకుతెరువు కొరకు రంగూన్ వెళ్ళిన తెలుగువారిని అక్కడివారు 'కోరంగీలు' అని పిలవడానికి కారణం ఈ రేవే. ఆ పిలుపులో కొంత చిన్నచూపు కూడా కలిసి ఉండేది.

కోరంగిని రెండు పెద్ద తుపానులు దెబ్బతీశాయి. 1789 డిసెంబరులో వచ్చిన తుపానులో వరుసగా మూడు పెద్ద అలలు ఊరి మీదికి వచ్చినట్లు హెన్రీ పిడ్డింగ్టన్ వర్ణించాడు. కలకత్తాలో పనిచేసిన ఈ పిడ్డింగ్టనే 'సైక్లోన్' అనే మాటను సృష్టించినవాడు. రెండవది 1839 నవంబరు తుపాను. దీనిలో మూడు లక్షల మంది మరణించారని, ఇరవై వేల నావలు ధ్వంసమయ్యాయని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. అప్పటి కోరంగి పరిసరాల జనసంఖ్యను తలచుకుంటే ఈ అంకెలను యథాతథంగా తీసుకోవడం కష్టం. నష్టం అపారమైనదనడంలో మాత్రం సందేహం లేదు.

అయితే కోరంగి రేవు అంతరించడానికి తుపానులు ఒక్కటే కారణం కాదు. తుపానులో పాడైన రేవును మళ్ళీ కట్టుకోవచ్చు, పూడిపోయిన రేవును ఏమీ చేయలేము. గోదావరి తెచ్చిన ఒండ్రు పాయ ముఖద్వారాన్ని కొద్ది కొద్దిగా మూసివేయగా పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. వర్తకం కాకినాడకు తరలిపోయింది. అదే కాలంలో ఆ నది ఇసుకతోనే పెరుగుతున్న తిన్నె కాకినాడ ముందు సముద్రానికి అడ్డుగోడగా నిలిచి, ఓడలు లంగరు వేసుకోవడానికి ప్రశాంతమైన జలాలను కల్పించింది. ఒక రేవును పూడ్చిన నది మరొక రేవుకు చాటు కట్టింది. కాకినాడ యాంకరేజి రేవులో నేటికీ పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా నిలబడతాయి, వాటికి బియ్యం మొదలైన సరకులను బార్జీలలో చేరవేస్తారు. అలలు చిన్నవిగా ఉన్నందువలననే ఇది వీలవుతుంది. 1990 దశకంలో ఇక్కడ లోతు నీటి ఓడరేవు కూడా ఏర్పడింది.

తుపానులు వచ్చినప్పుడు పెద్ద అలల తాకిడిని తిన్నె మొదట తన మీదకు తీసుకుంటుంది. అయినా దీనిని సంపూర్ణ రక్షణగా భావించరాదు. తిన్నె ఎత్తు చాలా తక్కువ. ఉప్పెన వచ్చినప్పుడు నీరు దాని మీదుగాను, ఉత్తరాన తెరిచి ఉన్న అఖాతం ముఖం నుండి కూడా లోపలికి రాగలదు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను, పరిసర ప్రాంతాలను ఎంతగా నాశనం చేసినదీ ఆ జిల్లాల వారికి తెలిసిన విషయమే.

నేల, నీరు, మొక్కలు

తిన్నెకు రెండు ముఖాలున్నాయి. తూర్పు ముఖం సముద్రం వైపుది. అక్కడ వాలుగా ఉన్న ఇసుక ఒడ్డు, దాని వెనుక గాలి పోగుచేసిన చిన్న దిబ్బలు ఉంటాయి. పడమటి ముఖం అఖాతం వైపుది. అక్కడ అలలు ఉండవు, ఆటుపోటులు మాత్రమే ఉంటాయి. కనుక సన్నని బురద పేరుకొని మడ చెట్లు పెరుగుతాయి. కొన్ని వందల మీటర్ల వెడల్పులోనే ఎడారి వంటి నేల, చిత్తడి నేల పక్కపక్కన కనబడడం ఈ తిన్నె ప్రత్యేకత.

ఇసుక ముఖాన బ్రతకడం మొక్కలకు సులభం కాదు. నేల నిలకడగా ఉండదు, గాలిలో ఉప్పు ఉంటుంది, పడిన వాన వెంటనే ఇంకిపోతుంది. ఇక్కడ మొదట పాతుకునేది మేక డెక్క ఆకారపు ఆకులు, ఊదారంగు పూలు గల తీగ. ఇది నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్ళు దింపి ఇసుకను పట్టి ఉంచుతుంది. దాని తోడుగా 'రావణాసురుని మీసం' అనే ముళ్ళ గడ్డి పెరుగుతుంది. ఈ గడ్డి కాయగుత్తులు ఎండిన తరువాత ఊడి బంతుల వలె గాలికి దొర్లిపోతూ విత్తనాలను రాల్చుతాయి. పల్లె పిల్లలకు ఇవి ఆట వస్తువులు. ఈ రెండూ ఇసుకను ఆపిన చోటనే దిబ్బ లేస్తుంది. మొక్క పోతే దిబ్బ కూడా నిలువదు. తీరంలో ఇతర చోట్ల వలెనే ఇక్కడ కూడా సరుగుడు చెట్లు కనిపిస్తాయి.

నాలుగు వైపులా ఉప్పునీరే ఉన్నా, ఇటువంటి ఇసుక తిన్నెలపై చెలమ తీస్తే తాగదగిన నీరు దొరకడం కద్దు. వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక ఇసుకలో ఇంకిన తరువాత దాని మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. చెలమను ఎక్కువ లోతు తవ్వినా, ఎక్కువ నీరు తోడినా అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. తిన్నె మీద ఉన్న మత్స్యకారుల చిన్న పల్లెకు ఈ సంగతి పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

అఖాతం వైపు మడ అడవిలో తెల్ల మడ, నల్ల మడ, పొన్న, తిల్ల, గుగ్గిలం, కళింగ మొదలైన చెట్లు ఉన్నాయి. బురదలో గాలి ఆడదు. అందువలన మడ చెట్ల వేళ్ళ నుండి పెన్సిళ్ళ వంటి శ్వాస మూలాలు వందల సంఖ్యలో నేల పైకి పొడుచుకు వచ్చి గాలి పీల్చుకుంటాయి. పొన్న చెట్టు గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, జానెడు పొడవు పెరిగిన తరువాత ఊడి కిందపడుతుంది. పడిన చోట బురద ఉంటే అక్కడే నాటుకుంటుంది, నీరు ఉంటే తేలిపోయి మరొక చోట పాతుకుంటుంది. తిల్ల చెట్టు పాలు కంటిలో పడితే ప్రమాదం. కట్టెలు కొట్టేవారు దీని జోలికి పోవడానికి జంకుతారు.

జంతుజాలం

హోప్ ఐలాండ్‌కు పేరు తెచ్చిన ప్రాణి ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేలు. పెరిగిన తాబేలు రెండడుగులకు పైగా పొడవు, సుమారు 40 కిలోల బరువు ఉంటుంది. జీవితమంతా సముద్రంలోనే గడిపే ఈ తాబేలు గుడ్లు పెట్టడానికి మాత్రం ఒడ్డుకు రాక తప్పదు. ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు, రాత్రి వేళలలో ఆడ తాబేళ్ళు ఒడ్డు ఎక్కి, వెనుక కాళ్ళతో కూజా ఆకారపు గుంటను తవ్వి నూరుకు పైగా గుడ్లు పెడతాయి. తరువాత ఇసుక కప్పి, దాని మీద ఒంటితో తొక్కి, చదును చేసి వెళ్ళిపోతాయి. తల్లి మళ్ళీ ఆ గుంట వైపు రాదు. సుమారు ఏడు వారాలకు గుడ్లు పొదుగుతాయి. పిల్ల ఆడదా మగదా అనేది ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడ పిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువగా మగ పిల్లలు పుడతాయి.

ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలలో ఈ తాబేళ్ళు ఒకే వారంలో లక్షల సంఖ్యలో ఒడ్డుకు వస్తాయి. ఆంధ్ర తీరంలో అటువంటి సామూహిక రాక లేదు. ఇక్కడ విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి. అందుచేత ఒడిశాకు దక్కిన ప్రచారం ఈ తీరానికి దక్కలేదు. కాని విడిగా పెట్టిన గుడ్లకు కాపలా పెట్టడం మరింత కష్టమైన పని. నక్కలు, కుక్కలు, అడవి పందులు వాసన పట్టి గుంటలను తవ్వివేస్తాయి. అందువలన అటవీ శాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పాతిపెట్టి, పొదిగిన పిల్లలను సముద్రంలో విడిచిపెడుతుంటారు. పిల్లలు రాత్రి బయటికి వచ్చినప్పుడు వెలుతురుగా కనబడే దిక్కుకు నడుస్తాయి. సహజంగా ఆ వెలుతురు సముద్రపు అంచుది. ఒడ్డున విద్యుద్దీపాలు ఉంటే అవి దారితప్పి లోపలికి పోయి తెల్లవారేసరికి ఎండకు చనిపోతాయి.

పెద్ద తాబేళ్ళకు ప్రమాదం మరపడవల వలల నుండి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి కనుక వలలో చిక్కి నీటి అడుగున ఉండిపోతే ఊపిరాడక మరణిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూలులో ఈ జాతి ఉన్నది. తాబేలు తప్పించుకుపోవడానికి వలలో అమర్చే పరికరం ఉన్నప్పటికీ, దానితో పాటు రొయ్యలు కూడా కొంత పోతాయనే భయం చేత దానిని అందరూ వాడడం లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి 61 రోజుల పాటు మరపడవల వేటను నిషేధిస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి ఈ నిషేధం పెట్టారు. తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే కాలం దాదాపు అప్పటికి గడిచిపోయి ఉంటుంది. ఈ రెండు కాలాలు కలవకపోవడమే సమస్యలో అసలు చిక్కు. తీరంలోని మత్స్యకారులు చాలామంది తాబేలును కూర్మావతారంగా భావించి చంపరు. కూర్మనాథుని ఆలయమున్న శ్రీకూర్మం కూడా ఈ తీరానిదే.

మడ అడవిలోని జంతువులలో చెప్పుకోదగినవి బావురుపిల్లి, నీటికుక్క, నక్క. బావురుపిల్లి నీటిలో దిగి చేపలు పట్టే అడవి పిల్లి. సాధారణంగా పిల్లులు నీటిని చూస్తే వెనుకంజ వేస్తాయి, ఇది మాత్రం తలను నీటిలో ముంచి వేటాడుతుంది. రాత్రి సంచారి కనుక కంటపడడం అరుదు. 2018లో కెమెరాల సాయంతో జరిపిన లెక్కింపులో కోరింగ అభయారణ్యంలో ఇవి నూరుకు పైగా ఉన్నట్లు తేలింది. నీటికుక్కలు గుంపులుగా తిరుగుతూ పగలు కూడా కనిపిస్తాయి.

ఆటు సమయంలో అఖాతంలో విస్తారమైన బురద నేలలు బయటపడతాయి. శీతాకాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చే ఉల్లంకి జాతుల పక్షులు ఇక్కడ పురుగులను, గుల్లలను ఏరుకొని తింటాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, ఎగురుతూనే నీటిని కోస్తూ చేపలను పట్టే ఇండియన్ స్కిమ్మర్ అనే అరుదైన పక్షి కూడా ఈ పరిసరాలలో శీతాకాలపు అతిథి. రేవుపిట్టలు, కొంగలు, లకుముకి పిట్టలు, తెల్ల పొట్ట గల సముద్రపు గద్ద ఏడాది పొడవునా ఇక్కడ కనిపిస్తాయి. ఒడ్డున ఎర్రని పీతలు మనిషి అడుగు చప్పుడుకు క్షణంలో బొరియలలోకి మాయమవుతాయి. అఖాతం రొయ్య పిల్లలకు, మండపీతలకు, గుల్లలకు పెరుగుడు స్థలం. అద్దం పెంకు వంటి పలుచని చిప్పలుండే ఆల్చిప్పలు కూడా ఇక్కడి బురదలో ఉన్నాయి. కాకినాడ వలలకు చిక్కే చేపలలోను, రొయ్యలలోను కొంత భాగం ఈ ఆటుపోటుల నీటిలో చిన్నతనం గడిపినవే.

మార్పులు, సమస్యలు

తిన్నె నిలిచి ఉండడం ఒక జమాఖర్చు వంటిది. నది ఇచ్చే ఇసుక జమ, అలలు తీసుకొనిపోయే ఇసుక ఖర్చు. జమ తగ్గితే తిన్నె సన్నబడుతుంది. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆనకట్టను 1847-1852 మధ్య నిర్మించగా, దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. గోదావరిపై, దాని ఉపనదులపై జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ మొదలుకొని అనేక జలాశయాలు వచ్చాయి. జలాశయంలో నీరు నిలిచినప్పుడు ఇసుక, ఒండ్రు అడుగున ఉండిపోతాయి. 1970 దశకంలో గోదావరి ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును సముద్రానికి చేర్చగా, 1990 దశకానికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయినట్లు 2004లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. డెల్టా అంచున కొత్త భూమి ఏర్పడడం కంటే కోసుకుపోవడమే ఎక్కువైనట్లు అదే పరిశోధన చెప్పింది. పోలవరం వద్ద నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టు కూడా ఈ లెక్కలో చేరుతుంది. ఆనకట్టల వలన కోస్తా జిల్లాలకు అన్నం దొరికిన మాట నిజమే. ఆ నీటితో పాటు ఆగిపోయిన ఇసుక గురించి ఆలోచించినవారు మాత్రం తక్కువ.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ ఈ విషయంలో రెండవ ఉదాహరణ. జాందానీ చీరలకు ప్రసిద్ధి చెందిన ఈ గ్రామంలో ఇళ్ళు, గుడులు, రహదారి భాగాలు దశాబ్దాలుగా సముద్రంలో కలిసిపోతున్నాయి. దీనికి ఒకే కారణం చెప్పడం సరికాదు. ఉత్తరానికి పోవలసిన ఇసుక హోప్ ఐలాండ్ వద్ద ఆగిపోవడం, తిన్నె కొస మలుపు వలన అలల దిశ మారడం, ఓడరేవు కట్టడాలు ఇసుక దారికి అడ్డు రావడం మొదలైనవన్నీ పరిశోధకులు పేర్కొన్న కారణాలు. కాకినాడకు చాటునిచ్చే తిన్నే ఉప్పాడకు ఇసుక అందకుండా చేసిందంటే, ఒక చోటి లాభం మరొక చోట నష్టంగా తేలిందన్నమాట. ఉప్పాడ వద్ద రాతి గోడలు, ఇసుక నింపిన జియోట్యూబులు వేశారు. అవి వేసిన చోట కొంత కాలం కోతను ఆపినా తుపాను అలలకు దెబ్బతింటూ వచ్చాయి.

అఖాతంలో సమస్య వేరు. తిన్నె కొస ముందుకు సాగే కొద్దీ నీరు వచ్చిపోయే దారి ఇరుకై, లోపల బురద త్వరగా పేరుకుంటుంది. ఓడల దారిని ఎప్పటికప్పుడు తవ్వవలసి వస్తుంది. కోరంగికి ఒకప్పుడు జరిగినది ఇక్కడ నెమ్మదిగా జరుగుతున్నదని చెప్పవచ్చు, తేడా ఏమంటే ఇప్పుడు యంత్రాలున్నాయి.

2010 దశకంలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో గోదావరి సాగర సంగమ ప్రాంత జీవవైవిధ్యం కోసం ఒక పథకం అమలయింది. మడ మొక్కలు నాటడం, మత్స్యకారులలో అవగాహన కలిగించడం దీనిలోని పనులు. మడ మొక్కలను నాటే ముందు ఆటుపోటుల నీరు లోపలికి రావడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వడం ఈ ప్రాంతంలో మంచి ఫలితాలనిచ్చిన పద్ధతి. నీరు రాని చోట ఎన్ని మొక్కలు నాటినా బ్రతకవు.

సందర్శన

కాకినాడ నుండి పడవలో హోప్ ఐలాండ్ చేరవచ్చు. సముద్రం నెమ్మదిగా ఉండే నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. అభయారణ్యంలో భాగం కనుక అటవీ శాఖ నియమాలు వర్తిస్తాయి. మడ అడవిని చూడదలచినవారు కాకినాడ - యానాం దారిలో కోరింగ వద్ద ఉన్న చెక్క వంతెనల మీద నడుస్తూ చూడవచ్చు. ఆ దారిలోనే చొల్లంగి గ్రామం వస్తుంది. పుష్య మాసంలో వచ్చే చొల్లంగి అమావాస్యనాడు ఇక్కడ వేలాది మంది సముద్ర స్నానం చేస్తారు. సప్తసాగర యాత్ర ఇక్కడి నుండే మొదలవుతుంది. తాబేళ్ళ కాలంలో తిన్నె మీదికి వెళ్ళేవారు రాత్రి వేళ దీపాలు వాడకపోవడం, ఇసుకలో కనబడే తాబేలు జాడలను తొక్కకుండా పక్కనుండి నడవడం అవసరం. ఆ జాడ ట్రాక్టరు చక్రం గుర్తు వలె ఒడ్డు నుండి పైకి, తిరిగి కిందికి రెండు వరుసలుగా ఉంటుంది. గుంట సాధారణంగా ఆ రెండు వరుసలు కలిసే చోట ఉంటుంది.